జ్వరమునకు వేరే వైద్యుడేల?

మొన్న ఒక సాయంకాలమున మా మిత్రులొకరు మా యింటికి వచ్చి, కాఫీ త్రాగుచు ఒక సందేహమును వెలిబుచ్చిరి. వారి కుమార్తె ఎం.బి.బి.ఎస్. ముగించి జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. చదువుచున్నది. అటుపిమ్మట అంటువ్యాధుల శాఖలో ప్రత్యేకశిక్షణ పొందెదనని యింటిలో చెప్పినదట. “గుండెకు వేరే డాక్టరున్నాడు, సరే. కంటికి ఉన్నాడు, మూత్రపిండాలకు ఉన్నాడు, ఒప్పుకుంటాను. జ్వరానికి కూడా వేరే డాక్టరేమిటండీ? మా వీధి చివర మందుల షాపువాడు కూడా జ్వరానికి మాత్రలిస్తాడే! దీనికోసం అమ్మాయి ఇంకో మూడేళ్లు చదవాలా?” అని వారి ప్రశ్న.

ప్రశ్న విన్నవారికి నవ్వు వచ్చినను, ఇది నవ్వి ఊరకుండదగిన ప్రశ్న కాదు. ఇట్టి సందేహము అనేక గృహములలో ఉండును. పిల్లలను వైద్యవిద్యకు పంపదలచిన తల్లిదండ్రులకే గాక, ఎప్పుడో ఒకనాడు జ్వరముతో మంచము పట్టు ప్రతివారికిని దీనితో సంబంధము కలదు. కావున మా మిత్రులకు చెప్పిన సమాధానమునే కొంచెము విస్తరించి ఇచట మనవి చేయుచున్నాము.

వైద్యశాస్త్రములో చాల శాఖలు ఒక్కొక్క అవయవమును పట్టుకొని ఏర్పడినవి. హృదయ వైద్యుడు హృదయమును, నేత్ర వైద్యుడు నేత్రమును చూచును. అంటువ్యాధుల శాఖ అట్టిది కాదు. ఇది అవయవమును బట్టి గాక, శత్రువును బట్టి ఏర్పడినది. క్షయను కలిగించు సూక్ష్మజీవినే చూడుడు. అది ఊపిరితిత్తులలో చేరిన దగ్గు, వెన్నెముకలో చేరిన నడుమునొప్పి, మెదడు పొరలలో చేరిన తలనొప్పియు మతిభ్రమయు, ప్రేవులలో చేరిన కడుపునొప్పి. శత్రువు ఒక్కడే, వేషములు పెక్కు. అట్టి శత్రువును గుర్తించువాడు శరీరమంతయు ఎరిగియుండవలెను. అంతియే కాదు, శరీరమునకు వెలుపలనున్న లోకమును కూడ ఎరిగియుండవలెను. రోగి త్రాగిన నీరెట్టిది, అతని యింట ఎలుకలున్నవా, అతడు ఏ పొలములో దిగెను, ఏ ఊరు వెళ్లి వచ్చెను, ఇంటిలో మరెవరికైన జ్వరము వచ్చెనా — ఇవన్నియు అతనికి కావలసిన విషయములే.

ఈ విద్యతో మన తెలుగుదేశమునకు సంబంధము నేటిది కాదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొనెను. ఆ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. హైదరాబాదులో నల్లకుంట యందున్న జ్వరముల ఆస్పత్రి ఆయన పేరనే యున్నది. నగరవాసులు మాత్రము దానిని నేటికిని ‘కోరంటి దవాఖాన’ అనియే పిలుతురు. అంటురోగులను వేరుగ నుంచుటకు ఆంగ్లేయులు వాడిన ‘క్వారంటైన్’ అను మాటయే జనుల నోట నలిగి ‘కోరంటి’ యైనది.

ఆ దినములలో ఈ విద్యను ‘ఉష్ణదేశ వైద్యము’ అనెడివారు. ఇంగ్లండులో లివర్‌పూల్ నగరమున 1898లోను, లండనులో 1899లోను ఇందుకై పాఠశాలలు వెలసినవి. మన దేశమున సర్ లియొనార్డ్ రోజర్స్ కృషి ఫలితముగ 1920 ప్రాంతమున కలకత్తాలో ఉష్ణదేశ వైద్య పాఠశాల బోధన సాగింప నారంభించెను.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించినది ఈ ఉష్ణదేశ వైద్యము నేర్చుటకే. తరువాత వారు రోగి మంచము ప్రక్కన గాక ప్రయోగశాలలో తమ జీవితమును గడపిరి. బోదకాలు వ్యాధికి నేడు ప్రపంచమంతట వాడుచున్న డైఇథైల్ కార్బమజీన్ అను మందు వారి బృందము కృషి వలన వచ్చినదే. వారు పరిశోధనాధ్యక్షులుగా నున్న సంస్థలోనే డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్‌ను కనుగొనెను. అది 1948లో వెలువడినది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదియే మొదటిది. పాఠకులు ఈ సంగతిని కొంచెము గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. మరల దీనితో పనిపడును.

ఇన్ని మందులు వచ్చిన పిమ్మట, అంటువ్యాధుల కథ ముగిసినదని గత శతాబ్దపు మధ్యభాగమున చాలమంది పెద్దలే నమ్మిరి. మశూచి మన దేశములో 1975లో ఆగిపోయెను; 1980లో ప్రపంచమునుండియే తొలగినట్లు ప్రకటింపబడెను. ఇక తక్కినవియు ఇట్లే పోవునని ఆశ. కాని 1986లో మద్రాసులో డాక్టరు సునీతి సోలమన్‌గారి పరిశోధన వలన మన దేశమున హెచ్.ఐ.వి. మొదటిసారి బయటపడినది. అప్పటినుండి వరుసగ డెంగీ, పందిజ్వరము, నిపా, 2020లో కోవిడ్ వచ్చి ఆ ఆశను వమ్ము చేసినవి. అమెరికాలో అంతర వైద్య పరీక్షామండలి 1972లోనే ఈ శాఖకు ప్రత్యేకపరీక్ష నెలకొల్పినది. అంటువ్యాధులు అంతకంటె ఎక్కువగ నున్న మన దేశములో మాత్రము దీనికి డి.ఎం. పట్టము ఇరువదియొకటవ శతాబ్దపు రెండవ దశకమున గాని వేరూనలేదు. అంతవరకు జనరల్ మెడిసిన్ వైద్యులే ఈ భారమును మోసిరి. చాల ఊళ్లలో నేటికిని వారే మోయుచున్నారు.

ఇక చదువు క్రమమును చెప్పుదుము.

ఇంటర్మీడియెట్ ముగించిన విద్యార్థి నీట్ పరీక్షలో నెగ్గి ఎం.బి.బి.ఎస్.లో చేరును. నాలుగున్నర సంవత్సరముల చదువు, ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్ కలసి అయిదున్నర ఏండ్లు. ఇందులోనే సూక్ష్మజీవశాస్త్రము, ఔషధశాస్త్రము, సామాజిక వైద్యము అను మూడు పాఠ్యాంశములు ఈ శాఖకు పునాదిరాళ్లు. మార్కుల కొరకు మాత్రమే వీనిని వల్లించినవాడు పిదప మరల మొదటినుండి చదువుకొనవలసి వచ్చును.

రెండవ మెట్టు ఎం.డి. నీట్-పీజీ పరీక్షలోని స్థానమును బట్టి సీటు దొరకును. అంటువ్యాధుల శాఖకు రాదలచినవారు ముఖ్యముగ జనరల్ మెడిసిన్ ఎన్నుకొందురు. శిశువైద్యము చదివినవారికిని ఈ ద్వారము తెరచియే యుండును. ఇది మూడేండ్లు. ఈ కాలమున విద్యార్థి వార్డులోనే నివసించునని చెప్పిన అతిశయోక్తి కాదు. గుండెపోటు, మధుమేహము, పక్షవాతము, జ్వరము — అన్నియు ఒక్క వార్డులోనే కనబడును. తరువాత అంటువ్యాధుల వైద్యునకు ఉపకరించు సమగ్రదృష్టి ఇచటనే అలవడును.

మూడవ మెట్టు డి.ఎం. దీనికి నీట్-ఎస్.ఎస్. అను వేరొక ప్రవేశపరీక్ష కలదు. ఏయిమ్స్ వంటి జాతీయసంస్థలు తమకై ప్రత్యేకముగ పరీక్ష జరుపుకొనును. ఢిల్లీలోని ఏయిమ్స్, వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల ఈ చదువునకు పేరుగన్నవి. జాతీయ పరీక్షామండలి వారి డాక్టరేట్ పట్టమును, అనగా డి.ఆర్.ఎన్.బి.ని, కొన్ని ప్రైవేటు ఆస్పత్రులలో శిక్షణపొంది సాధింపవచ్చును. ఇదియు మూడేండ్లే. అన్నియు కలిపిన పదకొండున్నర ఏండ్లు. నడుమ ప్రవేశపరీక్షలకై పోవు కాలము వేరు. పదునెనిమిదవ యేట బయలుదేరినవాడు ముప్పదవ యేట గాని గమ్యము చేరడు.

ఈ కడపటి మూడేండ్లలో నేర్చునది ఏమి? మా మిత్రుల ప్రశ్నకు అసలు సమాధానము ఇందులోనే యున్నది.

ఒక రైతు అనుకొందము. ఎనిమిది దినములుగ జ్వరము, తీవ్రమైన తలనొప్పి. మొదట మందుల షాపులో మాత్రలు కొనెను. తగ్గలేదు. తరువాత ఒకచోట టైఫాయిడ్ అనిరి; వీడాల్ పరీక్ష ఆ మాటనే చెప్పినట్లు తోచెను. ఖరీదైన సూదిమందు అయిదు దినములు పొడిచిరి. అదియు పనిచేయలేదు. ఇపుడు ఆయాసము కూడ మొదలైనది. అట్టి స్థితిలో శిక్షితుడైన వైద్యుడు మొదట క్రొత్త మందు వ్రాయడు. కుర్చీ లాగుకొని కూర్చుండును. “ఈ మధ్య పొదలు కొట్టినావా? గడ్డి కోసినావా?” అని అడుగును. పిదప చొక్కా విప్పించి చంకలు, గజ్జలు, నడుము మడతలు, చెవుల వెనుకభాగము వెదకును. అక్కడ ఒకచోట చుట్టతో కాల్చినట్లు నల్లని పెచ్చు ఒకటి కనబడును. నొప్పి లేదు గనుక రోగి దానిని చెప్పనే లేదు. అది గడ్డిలో, పొదలలో నుండు అతిసూక్ష్మమైన పురుగు కరచిన గుర్తు. వ్యాధి స్క్రబ్ టైఫస్. ఇంతవరకు పొడిచిన ఖరీదైన సూదిమందు దీనిపై పనిచేయదు. దీనికి కావలసినది డాక్సీసైక్లిన్, మిక్కిలి చౌకయైన మాత్ర. అది ఆరియోమైసిన్‌కు దగ్గరి బంధువు, టెట్రాసైక్లిన్ జాతిదే. ఆలస్యమైన శ్వాసకోశములు, మూత్రపిండములు దెబ్బతిని ప్రాణమే పోవచ్చును. కాలమున గుర్తించి యిచ్చిన రెండు మూడు దినములలోనే జ్వరము దిగుట సామాన్యము. రోగమునకును ప్రాణమునకును నడుమ నున్నది ఒక ప్రశ్న, ఒక చూపు. ఆ ప్రశ్న ఎప్పుడడుగవలెనో, ఆ చూపు ఎక్కడ పరపవలెనో నేర్చుటకే ఇన్నేండ్లు.

మరియొక నిదర్శనము చరిత్రలోనిది. 2018 మే మాసమున కేరళలో కోఝికోడులోని ఒక ఆస్పత్రికి జ్వరముతోను, మెదడు వాపుతోను ఒక యువకుని తెచ్చిరి. అచటి వైద్యులు రోగలక్షణములతో తృప్తిపడక ఇంటి సంగతులు విచారించిరి. కొలది దినముల క్రిందటనే అతని తమ్ముడు అట్టి జ్వరముతోనే మరణించినట్లు, ఇంటిలో మరికొందరు జబ్బుపడినట్లు తెలిసెను. ఇది సామాన్యమైన మెదడువాపు కాదని అనుమానించి నమూనాలను మణిపాల్‌లోని ప్రయోగశాలకు పంపిరి; పూనాలోని జాతీయ సంస్థ దానిని నిపాగ నిర్ధారించెను. ఆ యేడు పదునేడుగురు మరణించిరి. రోగులకు సేవచేసిన ఒక నర్సు కూడ అందులో నున్నది. అయినను మొదటి రోగి దాటిపోయినను రెండవ రోగియొద్దనే శత్రువును పట్టుకొనుటచే, రోగులను తాకినవారినందరిని వెదకి విడిగ నుంచి ఆ వ్యాధిని కొలది వారములలో అణచగలిగిరి. ఇంటివారిని గూర్చి అడిగిన ప్రశ్న ఒక జిల్లాను కాపాడినది.

డి.ఎం. విద్యార్థి వార్డులోనే గాక సూక్ష్మజీవ ప్రయోగశాలలోను కొంతకాలము పనిచేయును. రక్తమును కల్చరుకు ఎట్లు తీయవలెను, సీసాలో మొలచిన జీవి నిజముగ రోగకారకమా లేక చర్మముపైనుండి పొరపాటున చేరినదా, ఏ మందు దానిని చంపగలదు — ఇవి కండ్లార చూచి నేర్చుకొనును. హెచ్.ఐ.వి. రోగుల చికిత్స, మందులకు లొంగని క్షయ, మూత్రపిండములు మార్పిడి చేయించుకొన్నవారికి వచ్చు వింతజ్వరములు, పెద్దల టీకాలు, ప్రయాణికుల జాగ్రత్తలు అన్నియు అతని పాఠములే. ఆస్పత్రి లోపల ఒక రోగినుండి వేరొక రోగికి వ్యాధి ప్రాకకుండ చూచుటయు అతని విధియే. చేతులు కడుగుకొనుట మొదలు శస్త్రచికిత్సాగృహపు శుద్ధి వరకు అతడు విచారించును.

అన్నిటికంటె కష్టమైన పాఠము ఒకటి కలదు. అది మందు ఇయ్యకుండుట. జలుబు, సామాన్యమైన దగ్గు, డెంగీ — ఇవి వైరస్ వలన వచ్చునవి. వీనికి యాంటీబయాటిక్ పనిచేయదు. అయినను మన యిండ్లలో సూదిమందు పొడువని డాక్టరు డాక్టరే కాడను భావము బలముగ నున్నది. అక్కరలేకున్నను వాడిన ప్రతి మాత్రయు మనలోని సూక్ష్మజీవులకు ఎదురు తిరుగుట నేర్పును. అత్యంత బలమైన మందులను కూడ విరుగగొట్టగల ఎన్.డి.ఎం.-1 అను గుణము గల సూక్ష్మజీవులను గూర్చి 2010లో లోకమంతట చర్చ చెలరేగెను. నేడు మన పెద్ద ఆస్పత్రుల అత్యవసర విభాగములలో అట్టి జీవులు అరుదు కావు. అక్కడ తీవ్రముగ జబ్బుపడినవాని కొరకు మిగిలిన ఒకటి రెండు మందులను కాపాడుట ఈ వైద్యుల ముఖ్యవృత్తిధర్మముగ మారినది. ఇతర వైద్యులు వ్రాసిన చీటీలను చూచి, “ఇది ఆపుడు, దీని బదులు చిన్నది చాలును” అని మర్యాదగ చెప్పి ఒప్పించుటకు శాస్త్రజ్ఞానముతో పాటు మాటనేర్పును కావలెను.

ఈ మార్గము ఒక్కటే గాదు. రోగుల నడుమ గాక ప్రయోగశాలలో పనిచేయ నిష్టపడువారు సూక్ష్మజీవశాస్త్రములో ఎం.డి. చేయవచ్చును. ఊళ్లలో తిరిగి వ్యాధి ఎక్కడ పుట్టినది, ఎట్లు ప్రాకినది కనుగొనుటయందు ఆసక్తి గలవారికి చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ శిక్షణ నిచ్చుచున్నది. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రము 2012లో రెండేండ్ల శిక్షణక్రమమును ప్రారంభించెను. 1951లో అమెరికాలో వెలసిన వ్యాధి వేగుల సేవాదళము దానికి మాతృక. విదేశములకు పోవువారు అచట మరల క్రొత్త పరీక్షలు నెగ్గవలెను. అమెరికాలో అంతర వైద్యములో మూడేండ్లు, పిదప అంటువ్యాధులలో కనీసము రెండేండ్లు శిక్షణ. లండను, లివర్‌పూలులలో కొలది మాసములలో ముగియు ఉష్ణదేశ వైద్య డిప్లొమా నేటికిని కలదు. అది జ్ఞానవృద్ధికే గాని డి.ఎం.తో సమానము కాదు.

మా మిత్రులు వెళ్లబోవుచు మెల్లగ మరియొక మాట అడిగిరి. “సంపాదన ఎట్లుంటుందండీ?” దాచవలసిన పని లేదు. ఈ శాఖలో గొట్టములు దూర్చి చూచు యంత్రములు లేవు, శస్త్రచికిత్సలు లేవు. ఆలోచనకు రుసుము తక్కువ, యంత్రమునకు ఎక్కువ. హృదయవైద్యునితో పోల్చిన రాబడి తక్కువగ నుండుట సామాన్యము. ఈ కారణముననే అమెరికాలోను ప్రతియేట ఈ శాఖలోని కొన్ని శిక్షణస్థానములు నిండకయే మిగిలిపోవుచున్నవి. మన దేశమున సీట్లు తక్కువ, ఉద్యోగములు ఎక్కువగ పెద్ద నగరములలోనే. అంటురోగులను తాకు వృత్తి గనుక తనకును కొంత అపాయము. ఇవన్నియు ఎరిగియే ఆ అమ్మాయి కోరుచున్నదా అని విచారింపుడని వారితో అంటిమి.

“ఎరుగకేమి? కోవిడ్ కాలంలో ఇంటర్నుగా వార్డులో పనిచేసిందండీ. ఏది ఏమిటో తెలియక చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చిందని ఇప్పటికీ బాధపడుతుంది” అని వారు బదులు పలికి, ఒక్క క్షణము మౌనము వహించిరి. తమ ప్రశ్నకు సమాధానమును వారే చెప్పుకొన్నట్లైనది.

ఆ వైద్యురాలు చదువు ముగించుకొని వచ్చులోగ మనము ఇండ్లలో చేయవలసిన పని కొంత కలదు. జ్వరము మూడు దినములు మించినచో, లేక ఆయాసము, మగత, రక్తస్రావము, మాటిమాటికి వాంతులు కనబడినచో ఆ లోపలనైనను, వైద్యుని చూడవలెను. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు అసలు జాగుచేయరాదు. డాక్టరు వద్దకు పోవునపుడు జ్వరము మొదలైన తేదీ, ఇంతవరకు మ్రింగిన మాత్రల అట్టలు, వెళ్లి వచ్చిన ఊళ్ల పేర్లు వెంట తీసికొని పోవలెను. మందుల అట్టపై ఎర్రని నిలువుగీత యున్నచో అది డాక్టరు చీటీ లేక కొనరాని మందు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చరుకు రక్తము తీయుదునని డాక్టరు చెప్పినచో విసుగుకొనరాదు. ఏ మందును అక్కరలేదని చెప్పినచో ఆయనకు మందు తెలియదని తలపరాదు. దానిని ఇయ్యకుండుట నేర్చుటకే ఆయన పదకొండేండ్లు చదివెనని గ్రహింపవలెను.

మా మిత్రులు గుమ్మము దాటుచు, “అయితే ఇంకో మూడేళ్లు ఫీజులు కట్టవలసిందేనన్నమాట” అని నవ్విరి. ఆ నవ్వులో ఒప్పుకోలు వినవచ్చినది.